బరంపురం తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ: షెల్టర్‌కు రాత్రిపూట మనుషులు కావాలి

ఒడిశాలోని బరంపురం తెలుగు సంఘాల పెద్దలకు, గుడి కమిటీలకు, బడా బజారు, గిరి రోడ్డు వర్తకులకు, మహిళా మండళ్లకు, కాలేజీ పిల్లల సేవా బృందాలకు నమస్కారం.

పండగొచ్చినా, పిల్లల పుట్టినరోజొచ్చినా, పెద్దల తద్దినమొచ్చినా నిరాశ్రయుల షెల్టర్ మీకు గుర్తుకొస్తుంది. కార్తీకమాసంలో ఒక్కోరోజు మూడు వైపుల నుంచి పులిహోర వస్తుంది. షెల్టర్లలో పనిచేసే తెలుగు వలంటీర్లం మేం ఆ మనసుకు దండం పెట్టే ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాం. అయితే ఇప్పుడు అడగబోయేది వేరు. షెల్టర్‌లో అన్నానికున్న కొరత తక్కువ, మనుషులకున్న కొరత ఎక్కువ. ఏ పనికి, ఏ గంటకి, ఎంతమంది అన్నది లెక్కగా చెప్పగలిగిన కొరత అది. ఆ లెక్క మీ ముందు పెడుతున్నాం.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. కేంద్రం 2013లో తెచ్చిన పట్టణ నిరాశ్రయుల వసతి పథకం పెట్టిన లెక్క ఇది: ప్రతి లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపడా శాశ్వత షెల్టర్లు ఉండాలి. ఒక్కో షెల్టర్ 50 నుంచి 100 మందికి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు. 2011 లెక్కల నాటికే మన ఊరి జనాభా మూడున్నర లక్షలు దాటింది. అంటే 350 మందికి చోటు చూపించాలి. భవనం, మంచాలు, జీతాలు కార్పొరేషన్ బాధ్యత. వాటిని చందాలతో పూడ్చమని మేం అడగం, మీరూ ఆ భారం నెత్తికెత్తుకోవద్దు. చందాతో గది కట్టాక దాన్ని చూపించి ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే, రెండేళ్లకు ఆ గదిలో బల్బు మార్చే దిక్కుండదు. మీరు చేయాల్సింది ప్రభుత్వం జీతమిచ్చి కూడా చేయించలేని పని.

కేర్‌టేకర్లది ఎనిమిది గంటల డ్యూటీ. రాత్రికి సాధారణంగా ఒక్కరే. ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా పనంతా ఒకేసారి మీద పడుతుంది. కొత్తవాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి, దుప్పట్లు తీసివ్వాలి, మూటలు లాకర్లో పెట్టించాలి, షుగరుకీ ఫిట్స్‌కీ మాత్రలున్నవాళ్ల చేత వేయించాలి, తాగొచ్చినవాణ్ని ఓ పక్కన పడుకోబెట్టాలి, మంచం కోసం తగువు తీర్చాలి. ఇంతలో ఎవరికో ఆయాసం వస్తుంది. కేర్‌టేకర్ 108కి ఫోన్ చేయగలడు గానీ గేటు వదిలి వెంట వెళ్లలేడు. రోగి ఒంటరిగా పోతాడు. మెడికల్ కాలేజీ క్యాజువాలిటీలో అతని పేరు చెప్పేవాళ్లుండరు, వేసుకుంటున్న మందులేమిటో చెప్పేవాళ్లుండరు, పరీక్ష చీటీ పట్టుకుని తిరిగేవాళ్లుండరు. తెల్లారేసరికి ఆ మనిషి మళ్లీ స్టేషన్ బయట కనిపిస్తాడు.

ఒక షెల్టర్‌కు రాత్రికి ఇద్దరుంటే చాలు. గేటు దగ్గర రిజిస్టరుకు ఒకరు, లోపల ఒకరు. వారానికి 14 వంతులు. జ్వరాలూ పెళ్లిళ్లూ పరీక్షలూ అందరికీ ఉంటాయి కాబట్టి 20 మంది పేర్లుంటేనే 14 వంతులు నిలబడతాయి. నాలుగు సంఘాలు ఐదుగురు చొప్పున ఇస్తే ఒక షెల్టర్ గట్టెక్కుతుంది. ఒక్కొక్కరికి వారానికి ఒక్క రాత్రి, మూడు గంటలు. కనీసం మూడు నెలలు వారంలో అదే రోజు, అదే మనిషి. ఈ చివరి మాట దగ్గరే చాలా సంఘాలు జారిపోతాయి. వారానికో కొత్త ముఖం వచ్చి ‘‘ఏ ఊరు, ఎవరున్నారు, ఎందుకిలా అయింది’’ అని మళ్లీ మొదటి నుంచి అడిగితే జవాబు చెప్పడం మానేస్తారు. మంగళవారం మంగళవారం వచ్చే అబ్బాయి ఇస్తే మాత్ర మింగేవాళ్లున్నారు, ఇంకెవరిచ్చినా మింగరు. ఆదివారం సాయంత్రం పదిహేను మంది కట్టకట్టుకుని రావడం కంటే మంగళవారం ఒక్కరు రావడం వంద రెట్లు ఉపయోగం.

ఆ ఇద్దరు కాక ఫోన్ పిలుపుకి మూడో మనిషి ఉండాలి. బండి ఉండి, తెల్లవారే దాకా ఫోన్ తీసేవారైతే మేలు. షెల్టర్ నుంచి రోగి బయల్దేరితే ఆయన నేరుగా ఆస్పత్రికి రావాలి. ప్రతి రోగికీ ఒక ప్లాస్టిక్ కవరు ముందే సిద్ధంగా ఉంచుతాం. అందులో పాత ఓపీ చీటీలు, వేసుకుంటున్న మందుల జాబితా, ఆధార్ నకలు, తెలిసినవాళ్ల నంబరు ఉంటాయి. ఆ కవరు డాక్టరు చేతికి అందేలా చూడటమే సగం వైద్యం. మందులు బయట కొనే ముందు ఆస్పత్రిలోని ప్రభుత్వ మందుల కౌంటరు నిరామయలో అడగాలి, అక్కడ ఉచితం. డిశ్చార్జి చేస్తామన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: లేచి సొంతంగా దొడ్డికి వెళ్లగలడా? వెళ్లలేని మనిషిని షెల్టర్‌కు తీసుకురావద్దు. షెల్టర్ ఆస్పత్రి కాదు. నడుం విరిగిన మనిషిని నేల మీద పడుకోబెడితే వారంలో పుండ్లు పడతాయి. డాక్టరుతో ఆ మాట గట్టిగా చెప్పి ఇంకో వారం వార్డులో ఉంచమని అడిగే మనిషి కావాలి.

మహిళల విభాగానికి ఆడవాళ్లే వెళ్లాలి, అదీ ఇద్దరు కలిసి. అక్కడ రాత్రి పదకొండు దాకా ఉండమని మేం అడగం. ఆ వేళకి గోసానినువాగాం వైపో లంజిపల్లి వైపో ఆటో దొరకదు, దొరికినా ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు, రెండో వారానికే వంతు తెగిపోతుంది. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా చాలు. తిరుగు ప్రయాణానికి ఆటో మీ సంఘమే మాట్లాడి పెట్టాలి.

ఇక, మన తెలుగువాళ్లు తప్ప ఈ ఊళ్లో మరొకరు చేయలేని పని ఉంది.

బరంపురం హౌరా–చెన్నై లైను మీద ఉంది. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి, ఇటు పర్లాకిమిడి, రాయగడ నుంచి మెడికల్ కాలేజీకి వచ్చినవాళ్లు, పూరీ యాత్రలో జట్టు నుంచి తప్పిపోయినవాళ్లు, మతి చలించి రైలెక్కినవాళ్లు ఇక్కడ దిగిపోతారు. రిజిస్టరు ఒడియాలో ఉంటుంది. కేర్‌టేకర్‌కు తెలుగు అర్థమైనా శ్రీకాకుళం పల్లెల యాస చెవికి ఎక్కదు. ఊరి పేరులో ఒక అక్షరం తప్పు పడితే ఆ మనిషి ఇల్లు ఇక దొరకనట్టే.

దారి తప్పిన ముసలమ్మని ‘‘ఏ ఊరమ్మా’’ అని అడిగితే ‘‘మా ఊరే’’ అంటుంది. గట్టిగా అడిగితే నోరు మూసుకుంటుంది. నిలబడి అడగొద్దు, మంచం పక్కన నేల మీద కూర్చోండి. ‘‘మామ్మా, అన్నం తిన్నావా, కూర బాగుందా’’ దగ్గర మొదలుపెట్టండి. ఊరి పేరు వదిలేసి ఊరి చుట్టూ తిరగండి. సంత ఏ రోజు? బస్సు ఎక్కడ ఎక్కుతారు? రైలు గేటు దాటాలా? అమ్మవారి పేరేమిటి? పండగ ఏ నెలలో? పుట్టిల్లు ఎటు? ఇంటిపేరేమిటి? తోటల్లో పని జీడా, కొబ్బరా? పింఛను ఎవరు తెచ్చిస్తారు? సంత వారం, అమ్మవారి పేరు, జీడితోటలు – ఈ మూడూ తెలిస్తే ఉద్దానం వైపు ఊళ్లు తెలిసిన మనిషి నాలుగైదు ఊళ్లకు తెచ్చి నిలబెట్టగలడు. ఆ తర్వాత ఆ ఊళ్ల గ్రామ సచివాలయాలకు ఫోన్లు. ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు. మొదటి వారం ఇంటిపేరు, మూడో వారం అమ్మవారు, ఆ తర్వాతెప్పుడో ఊరు. అందుకే అదే మనిషి రావాలన్నది.

ఊరు తెలిసిపోగానే ఇంటికి ఫోన్ చేసేయొద్దు. వెళ్తావా అని ముందు ఆమెనే అడగాలి. కొడుకులు గెంటేసినవాళ్లు, మొగుడు కొడితే పారిపోయి వచ్చినవాళ్లు ఉంటారు. వద్దంటే వద్దు. ఆంధ్రాలో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు నెల ఒకటో తారీకున ఊళ్లో ఇంటి దగ్గరే ఇస్తారు. ఇక్కడ పడి ఉన్న మనిషికి ఆ డబ్బు అందదు. కొన్ని ఇళ్లలో మనిషి కంటే ముందు పింఛను గుర్తుకొచ్చి తీసుకెళ్తారన్నది కూడా మనసులో పెట్టుకోండి. తీసుకెళ్లినవాళ్ల పేరు, నంబరు, సంతకం రిజిస్టరులో ఉండాలి. పది రోజుల తర్వాత సచివాలయానికి మళ్లీ ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కోవాలి.

మతి స్థిమితం లేక వీధుల్లో తిరిగే మనిషి కనిపిస్తే ఆటోలో ఎక్కించి షెల్టర్ గేటు దగ్గర దింపేసి వెళ్లిపోకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషిని రక్షణలోకి తీసుకోవడం పోలీసుల విధి. 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించాలి. నిరాశ్రయుడైతే తప్పిపోయిన మనిషిగా ఎఫ్‌ఐఆర్ కట్టి ఇంటివాళ్లను వెతకాలి. స్టేషన్‌లో ఈ సెక్షన్ పేరు చెప్పి, కాగితం మీద రాసి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. రాత్రి ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఒంటరి పిల్లలు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098. పిల్లల్ని పెద్దవాళ్ల షెల్టర్‌లో ఒక్క రాత్రి కూడా ఉంచకూడదు.

ఇక్కడి మన పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా నేర్చుకుని పెరిగారు. రెండూ రాయగలరు. షెల్టర్‌కు వాళ్లకంటే విలువైన మనుషులు లేరు. నెలకు రెండు ఆదివారాలు కాగితాల పనికి కూర్చుంటే చాలు. ఆధార్ ఉండి కార్డు పోయినవాళ్లను సేవా కేంద్రానికి తీసుకెళ్తే వేలిముద్రతో నంబరు దొరుకుతుంది. అసలు లేనివాళ్లకు గుర్తింపు ఉన్న షెల్టర్ అధికారి నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం పనికొస్తుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. మనిషికి ఫోన్ లేదని వలంటీరు తన నంబరు ఆధార్‌కు పెట్టించేస్తాడు. ఆర్నెల్లకు ఆ వలంటీరు ఉద్యోగానికి సూరత్ వెళ్తాడు, బ్యాంకు ఓటీపీ ఎక్కడికి వస్తుందో ఎవరికీ తెలియదు. ముందు సిమ్ ఇప్పించండి, తర్వాతే నంబరు. ఓటుకు ఇంటి చిరునామా అక్కర్లేదు. ఓటరు నమోదు ఫారం 6లో పడుకునే చోటు రాస్తే బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూసుకుంటారు. ఆంధ్రా రేషన్ కార్డు మీద ఇక్కడి డిపోలో బియ్యం తీసుకోవచ్చు, వేలిముద్ర పడితే చాలు. కూలివాళ్ల వేళ్లు అరిగిపోయి ఉంటాయి. చెయ్యి కడిగించి, తుడిచి, పది వేళ్లూ ప్రయత్నించండి.

ఒంటి సంగతులకొస్తే షెల్టర్‌ను ఖాళీ చేయించేది గజ్జి. ఒక మంచంలో మొదలై పదిహేను రోజుల్లో గదంతా పాకుతుంది. గోక్కునేవాళ్లకే మందు రాస్తే ఎన్నటికీ పోదు, ఎందుకంటే దురద మొదలవకముందే పురుగు పక్కవాళ్ల ఒంట్లో చేరి ఉంటుంది. గదిలో ఉన్న అందరికీ ఒకే రాత్రి రాయాలి. ఐదు శాతం పెర్మెత్రిన్ క్రీము, మెడ నుంచి కాలివేళ్ల దాకా, వేళ్ల సందులు, చంకలు, బొడ్డు, గోళ్ల కింద. రాత్రంతా ఉంచి పొద్దున్న స్నానం. వారం తర్వాత మళ్లీ అందరికీ. గర్భిణులకూ పసిపిల్లలకూ డాక్టరును అడిగి. ఆ పొద్దున్నే బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి సంచిలో మూతికట్టి నాలుగు రోజులు ముట్టుకోకూడదు. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, మందు పనిచేయలేదని మళ్లీ మళ్లీ రాయొద్దు. ఈ పని ఒక్క రోజే జరగాలి కాబట్టి ఆ రోజుకు పది మంది కావాలి. సంఘం మొత్తం కట్టకట్టుకుని రావాల్సిన రోజు ఇదే.

రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి, ఉచితం. టీబీ అని తేలితే సాధారణంగా ఆరు నెలల మందు. నెలన్నరకే ఒంట్లో బాగుండి మానేస్తారు, అక్కడే మందుకు లొంగని టీబీ పుడుతుంది. ఆ మనిషి మంచం కిటికీ పక్కన ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి. పోషణకు నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఖాతాలో పడతాయి, ఖాతా లేకపోతే పడవు. అందుకే మందు మొదలైన వారమే ఖాతా తెరిపించాలి. ఆంధ్రా వైపు వెళ్లిపోతానంటే టీబీ రోగిగా నమోదైన నిక్షయ్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి, అక్కడి ఆస్పత్రిలో అదే మందు కొనసాగిస్తారు.

ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పొయ్యొద్దు. పక్కకు తిప్పి, తల కింద మడిచిన దుప్పటి పెట్టి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108. రోజూ తాగే మనిషి చేతిలో డబ్బు లేక ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లోపు చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ రావచ్చు. ‘‘తాగుడు మానేశాడు, మంచిదే’’ అని వదిలేస్తే ప్రాణం పోతుంది. అది ఆస్పత్రి కేసు.

ఇప్పుడు నీళ్ల సంగతి. షెల్టర్ బాగుందా లేదా అన్నది మేం మరుగుదొడ్డి చూసి చెబుతాం. కూలికెళ్లేవాళ్లు ఆరున్నరకి అడ్డా మీద ఉండాలి. కాబట్టి నాలుగున్నర నుంచి ఆరు లోపల యాభై మంది కాలకృత్యాలూ స్నానాలూ అయిపోవాలి. మనిషికి 60 లీటర్లు వేసుకున్నా 3,000 లీటర్లు. పైన ట్యాంకు 2,000 లీటర్లదైతే ఐదున్నరకే కుళాయి ఆగిపోతుంది. మోటారు వేసినా నిండేలోపు పనివేళ దాటిపోతుంది. రెండు రోజులు అలా జరిగితే కూలివాళ్లు షెల్టర్ వదిలి మళ్లీ బస్టాండుకే పోతారు, అక్కడ సులభ్ మరుగుదొడ్లు ఉంటాయి. దీనికి మందు చిన్నదే. రాత్రి పదిన్నరకి మోటారు వేసి ట్యాంకు నింపి, కింద రెండు డ్రమ్ములు కూడా నింపి మూతలు పెట్టి ఉంచడం. అది రాత్రి వలంటీరు పనుల్లో ఒకటి. మీలో ప్లంబింగు, కరెంటు పని తెలిసినవాళ్లు నెలకోసారి రండి: కుళాయి వాషర్లు, ఫ్లష్ తీగలు, బల్బులు, అన్నిటికంటే ముందు ఆడవాళ్ల మరుగుదొడ్డి లోపలి గడియ. ఆ గడియ సరిగా పడకపోతే రాత్రంతా ఆపుకుని కూర్చుంటారు. వందకు తక్కువ ఖరీదు చేసే గడియ లేక మూత్రం జబ్బులు తెచ్చుకున్న ఆడవాళ్లు ఎందరో.

అన్నం గురించి కూడా చెప్పాలి. పగటి భోజనానికి ఒడిశా ప్రభుత్వ ఆహార్ కేంద్రాలున్నాయి. 2015 ఏప్రిల్‌లో మొదటి ఐదు నగరాల్లో మన ఊళ్లోనూ తెరిచారు. ఐదు రూపాయలకు అన్నం, దాల్మా (కూరగాయల పప్పు). నడవగలిగినవాళ్లకు మధ్యాహ్నం గడిచిపోతుంది. వెలితి పొద్దున్న ఆరింటికీ, రాత్రికీ, మంచం దిగలేనివాళ్లకీ. సంఘాలన్నీ మధ్యాహ్నం భోజనమే పెడతామంటాయి, ఎందుకంటే అప్పుడైతే అందరికీ వీలు. పొద్దున్న ఉప్మా, అరటిపండు ఇవ్వగలిగినవాళ్లు కావాలి. యాభై మందికి రాత్రి వంటైతే బియ్యం 8 కిలోలు, కందిపప్పు రెండున్నర, కూరగాయలు ఆరు కిలోలు. కూలిచేసొచ్చినవాళ్లు ఎక్కువ తింటారు కాబట్టి బియ్యంలో కోత పెట్టొద్దు. పళ్లులేని పెద్దలకు ఓ కిలో అన్నం మెత్తగా విడిగా వండించండి. అన్నిచోట్ల నుంచీ స్వీట్లే వస్తే షుగరున్నవాళ్ల పరిస్థితి ఏమిటో ఆలోచించండి.

పెళ్లి భోజనం మిగిలితే తేవచ్చు, పద్ధతి తప్పకపోతే. కల్యాణమండపం నుంచి రాత్రి తొమ్మిదిలోపు ఫోన్ రావాలి. వడ్డించని గిన్నెల్లోదే కావాలి, బఫే బల్ల మీద మిగిలింది వద్దు. డేగిసా నిండా అన్నం ఉంటే పైన చల్లారినా మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది, పాడయ్యేది అక్కడే. అన్నంలో పుట్టే ఒక రకం విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే పొయ్యి దించిన రెండు గంటల్లోపు షెల్టర్‌కు చేరాలి, చేరగానే వడ్డించాలి. దించిన వేళ మూత మీద సుద్దతో రాయండి. పెరుగన్నం, కొబ్బరి చట్నీ, చేప, రొయ్య, కోడికూర తేవొద్దు. అర్ధరాత్రి పన్నెండుకు వ్యాన్ నిండా బిర్యానీ తెచ్చి నిద్రలేపి పెట్టడం పుణ్యం కాదు, పొద్దున్నకి వాంతులు మొదలైతే ఉన్న మూడు మరుగుదొడ్లూ చాలవు.

వస్తువుల్లో డిసెంబరుకు రగ్గులు కుప్పలుగా వస్తాయి. వానాకాలంలో ఉతికిన రగ్గు మూడు రోజులైనా ఆరదు, ఉతకని రగ్గులో నల్లులు చేరతాయి. మందం నూలు దుప్పట్లు ఇవ్వండి. మంచానికి రెండు చొప్పున వంద, పైన ఇరవై. ఎవరూ ఇవ్వనివి, రోజూ కావాల్సినవి: లుంగీలు, లోపావడాలు, లోదుస్తులు, ప్యాడ్లు, హవాయి చెప్పులు, మనిషికొక బ్లేడు, దోమతెరలు, పెద్దవాళ్ల డైపర్లు, బ్లీచింగ్ పౌడరు. పట్టుచీరలు, కోట్లు, విరిగిన బొమ్మలు ఇంట్లోనే ఉంచుకోండి.

అక్టోబరు గురించి సెప్టెంబరులోనే మాట్లాడుకోవాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ మన సరిహద్దునే కొట్టింది. తుపాను రాత్రి షెల్టర్‌కు రెండింతల జనం వస్తారు, ఎవర్నీ పొమ్మనలేం. వంద మందికి మూడు రోజుల లెక్క ఇది: తాగునీరు 900 లీటర్లు, అటుకులు 90 కిలోలు, బెల్లం 30 కిలోలు, ఓఆర్ఎస్ వంద పొట్లాలు, క్లోరిన్ మాత్రలు, టార్చి లైట్లు. కొవ్వొత్తులు వద్దు, గాలికి పరుపులంటుకుంటాయి. గాలి మొదలవకముందే ట్యాంకు నింపాలి, కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. రేకుల గదిలోవాళ్లను స్లాబు కిందికి మార్చాలి. ఈ సరుకు వర్తక సంఘం గోదాములో సెప్టెంబరు ఆఖరుకల్లా పక్కన పెట్టి, అవసరం రాకపోతే నవంబరులో అమ్ముకోవచ్చు. ఎవరికీ నష్టం లేదు.

ఫొటోల గురించి ఒక్క మాట. పొట్లం ఇస్తూ ముఖంతో సహా తీసిన ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో ఇచ్ఛాపురం చేరడానికి అరగంట పట్టదు. కొట్టే మొగుడి నుంచి దాక్కున్న ఆడమనిషి ఆచూకీ ఆ ఫొటోనే చెప్పేస్తుంది. సంఘం నివేదికకు ఫొటో కావాలంటే సరుకును తీయండి, రసీదును తీయండి. ఇది షెల్టర్‌లో అడుగుపెట్టడానికి మొదటి షరతు.

వంతులకు ఒప్పుకున్న సంఘాలు ఒక్క కాగితం పంపండి. ఐదు పేర్లు, ఫోన్ నంబర్లు, వారంలో ఏ రాత్రి, ఒడియా రాయడం వచ్చా, బండి ఉందా, శ్రీకాకుళం, రాయగడ వైపు ఏ ఊళ్లు బాగా తెలుసు. మొదటి రెండు రాత్రులు పాత వలంటీరు పక్కనే కూర్చుని చూడాలి, ఆ తర్వాతే సొంతంగా. రానిరోజు మధ్యాహ్నంలోపు చెబితే బదులు మనిషిని చూసుకుంటాం, చెప్పకుండా రెండుసార్లు మానేస్తే ఆ వంతు ఇంకొకరికి ఇస్తాం. మహిళల విభాగానికి ఎప్పుడూ మనుషులు తక్కువే, ఆ పేర్లు ముందు పంపండి.

ఇట్లు,
బరంపురం నిరాశ్రయుల షెల్టర్లలో పనిచేస్తున్న తెలుగు వలంటీర్లు